అమెరికాలో జాతి గుర్తింపు సమస్యలు తెలిసిన థెరపిస్టును వెతుక్కోవడం ఎలా?

థెరపిస్టుల డైరెక్టరీలో "జాతి గుర్తింపు" (రేషియల్ ఐడెంటిటీ) అన్న గడిలో టిక్కు పెట్టుకోవడానికి ఏ పరీక్షా రాయనక్కర్లేదు. ప్రొఫైలు నింపేటప్పుడు తాము చూసే సమస్యలంటూ పొడుగాటి జాబితా నొక్కేసేవాళ్లు చాలామంది, అందులో ఇదీ ఒకటి. ఏ రాష్ట్రమూ ఈ విషయానికి విడిగా లైసెన్సు ఇవ్వదు. కాబట్టి పేర్లు దొరకడం తేలిక. ఆ పేర్లలో ఈ పని నిజంగా చేసేదెవరో తేల్చుకోవడమే కష్టం. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న, పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లు ఆ వడపోత ఎలా చేసుకోవాలో ఇక్కడ వరుసగా రాశాం.

ముందుగా ఒక మాట. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వెతుకులాట అంతా పక్కన పెట్టి 988కి ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి. దేశమంతటా రాత్రీ పగలూ పనిచేసే నంబరు ఇది. ఫోన్ చేస్తే దుబాసీని అడగవచ్చు.

1. బాధ ఏమిటో కాగితం మీద పెట్టండి

"కౌన్సిలింగ్ కావాలి" అంటే ఎవరో ఒకరు దొరుకుతారు. తగినవాళ్లు దొరకాలంటే ఏం జరుగుతోంది, ఎప్పటినుంచి, దానివల్ల నిద్ర, తిండి, చదువు, ఉద్యోగం, ఇంట్లో సంబంధాలు వీటిలో ఏది దెబ్బతింది అన్నది నాలుగైదు వాక్యాల్లో రాసుకోవాలి. జాతి గుర్తింపు అని ఒకే పేరు పెట్టినా లోపల ఉండేవి వేర్వేరు బాధలు. ఒక్కోదానికి ఒక్కో రకం మనిషి కావాలి.

అమెరికాలోనే పుట్టి పెరిగిన పదమూడేళ్ల అమ్మాయిని తీసుకోండి. లంచ్ బాక్సులో పులిహోర తీసుకెళ్లనంటుంది. టీచరు పేరు తప్పు పలికితే సరిదిద్దడం మానేసి, తనే రెండక్షరాలకు కుదించుకుంటుంది. అమ్మమ్మ వీడియో కాల్లో తెలుగులో మాట్లాడబోతే తలుపేసుకుంటుంది. ఇది బడి తెచ్చిపెట్టిన బాధ అనిపిస్తుంది కానీ సగం ఇంట్లోదే. "ఎండలో సాకర్ ఆడకు, నల్లబడిపోతావ్" అన్నది కూడా రంగు గురించి ఆ పిల్ల నేర్చుకున్న పాఠమే. మంచి థెరపిస్టు బడిలో ఏమంటున్నారని అడగడంతో ఆగరు, ఇంట్లో ఏమంటారో కూడా అడుగుతారు. ఈ వయసుకు పిల్లలతో పనిచేసిన అనుభవం, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడించే నేర్పు రెండూ ఉన్నవాళ్లు కావాలి.

హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఎం.ఎస్.కి వెళ్లిన కుర్రాడి సంగతి వేరు. ఇండియాలో ఉన్నన్నాళ్లూ అతనికి ఊరు, కులం, భాష, కాలేజీ అన్నీ గుర్తింపులే, "బ్రౌన్" అన్నది ఏనాడూ కాదు. దిగిన మొదటి సెమిస్టర్‌లోనే ఆ ముద్ర మీద పడుతుంది, దాంతోపాటు అప్పు, ఒంటరితనం, ఉద్యోగం దొరకదేమోనన్న భయం. అంతర్జాతీయ విద్యార్థులతో పనిచేసినవాళ్లు ఇతనికి పనికొస్తారు. అమెరికాలో పుట్టినవాళ్ల గుర్తింపు సమస్యలు మాత్రమే చూసినవాళ్లు వీసా గడువు మనిషి నిద్రను ఎలా తినేస్తుందో సులువుగా పట్టుకోలేరు.

దాడి జరిగితే, లేదా కళ్లముందు జరగడం చూస్తే, అది ముందు ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో ఒక బార్‌లో, "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ ఒకడు కాల్చిన కాల్పుల్లో హైదరాబాద్ ఇంజినీరు చనిపోయాడు. ఆ తర్వాత బయట తెలుగులో మాట్లాడటానికే భయపడినవాళ్లు ఉన్నారు. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి వెళ్లలేకపోవడం ఉంటే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ఇ.ఎం.డి.ఆర్. వంటి పద్ధతుల్లో శిక్షణ ఉన్నవాళ్లను చూడండి. దానికితోడు జాతి వివక్ష మీద అవగాహన ఉండాలి. నేరంగా నమోదైతే రాష్ట్ర నేర బాధితుల పరిహార నిధి నుంచి కౌన్సిలింగ్ ఖర్చు రాబట్టుకునే వీలుంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది అడగరు.

ఆఫీసులో వివక్ష ఎదురవుతుంటే రెండు పనులు విడివిడిగా చేయాలి. థెరపిస్టు లాయరు కాదు. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఇ.ఇ.ఒ.సి.లో ఫిర్యాదుకు గడువు సాధారణంగా 180 రోజులు, రాష్ట్రానికి సొంత సంస్థ ఉన్నచోట 300 రోజులు. "కొంచెం కుదుటపడ్డాక చూద్దాం" అనుకుంటే గడువు దాటిపోతుంది. ఇంకోటి, మనోవేదనకు నష్టపరిహారం కోరుతూ కేసు వేస్తే అవతలి పక్షం మీ థెరపీ రికార్డులు అడగవచ్చు. కేసు ఆలోచన ఉంటే మొదటి సెషన్‌కు ముందే లాయరుతో ఒకసారి మాట్లాడండి.

అమ్మ తెలుగు, నాన్న తెల్లవాడో నల్లజాతివాడో అయిన పిల్లలకు మిశ్రమ జాతి కుటుంబాలతో పనిచేసినవాళ్లు కావాలి. ఇండియాలోని శిశు గృహాల నుంచి తెల్ల కుటుంబాలకు దత్తత వెళ్లినవాళ్లకు దత్తత విషయంలో శిక్షణ ఉన్నవాళ్లు కావాలి. దత్తత కుటుంబాలకు సాయపడే సి.ఎ.ఎస్.ఇ. సంస్థ థెరపిస్టుల కోసం రూపొందించిన టి.ఎ.సి. అనే శిక్షణ పూర్తిచేశారా అని అడగవచ్చు. దత్తత బాధ తెలియనివాళ్లు జాతి గురించి ఎంత బాగా మాట్లాడినా సగం కథ వదిలేస్తారు.

2. పేరు చివరి అక్షరాలు చదవడం

సైకియాట్రిస్టు ఎం.డి., మందులు రాస్తారు. వారం వారం కూర్చుని మాట్లాడేవాళ్లు వాళ్లలో తక్కువ. సైకాలజిస్టుకు పీహెచ్.డి.నో సై.డి.నో ఉంటుంది. మిగిలినవాళ్లు ఎక్కువగా మాస్టర్స్ చదివినవాళ్లు: ఎల్.సి.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్కర్లు), ఎల్.ఎం.ఎఫ్.టి. (దంపతులతో, కుటుంబాలతో పనిచేసేవాళ్లు), ఇంకా కౌన్సిలర్లు. కౌన్సిలర్ లైసెన్సుకు ఒక్కో రాష్ట్రం ఒక్కో పేరు పెట్టింది. టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఎల్.పి.సి., న్యూయార్క్‌లో ఎల్.ఎం.హెచ్.సి., కాలిఫోర్నియాలో ఎల్.పి.సి.సి. జాతి గుర్తింపు విషయంలో డిగ్రీ పెద్దదైతే పని బాగుంటుందని ఏమీ లేదు. "అసోసియేట్" అని ఉంటే లైసెన్సుదారు పర్యవేక్షణలో పనిచేస్తున్నారని అర్థం. ఫీజు తక్కువ, ఖాళీ ఎక్కువ, ఈ విషయం మీద కొత్తగా చదువుకుని వచ్చినవాళ్లూ వీళ్లలో ఉంటారు. కొట్టిపారేయకండి. "లైఫ్ కోచ్" అన్న పేరుకు మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి బోర్డు కూడా ఉండదు.

లైసెన్సు నంబరు తీసుకుని ఆ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో చూస్తే రెండు నిమిషాల పని: లైసెన్సు నడుస్తోందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా తెలిసిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది రాష్ట్రం దగ్గర. సెషన్ సమయంలో మీరు ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్రంలో పనిచేసే అనుమతి థెరపిస్టుకు ఉండాలి. వీడియో కాల్ అయినా అంతే. టెక్సస్ యూనివర్సిటీలో కౌన్సిలింగ్ తీసుకుంటున్న విద్యార్థి ఇంటర్న్‌షిప్‌కు సియాటిల్ వెళ్తే సెషన్లు ఆగిపోయేది ఇందుకే. సైకాలజిస్టులకు సైపాక్ట్ అనే ఒప్పందం ఉంది, దాని అనుమతి ఉన్నవాళ్లు అందులో చేరిన వేరే రాష్ట్రాల్లోనివాళ్లనూ వీడియోలో చూడవచ్చు. 40కి పైగా రాష్ట్రాలు అందులో ఉన్నాయి, మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు. ఊళ్లు మారే ఉద్యోగమైతే సైపాక్ట్ అనుమతి ఉన్న సైకాలజిస్టును చూసుకోవడం మేలు.

హైదరాబాద్‌లో ఉన్న థెరపిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడటం చౌక, తెలుగులో మాట్లాడుకోవచ్చు, అందుకే చాలామంది అటు వెళ్తారు. వాళ్లకు మీ రాష్ట్రంలో లైసెన్సు ఉండదు, ఇన్సూరెన్సు వర్తించదు, అత్యవసరమైతే అక్కడి నుంచి వాళ్లు చేయగలిగేదీ తక్కువే. అన్నిటికంటే ముఖ్యంగా, అమెరికాలో రంగు ఎలా పనిచేస్తుందో అనుభవంలో చూసి ఉండరు. అత్తాకోడళ్ల మాటైతే వాళ్లే బాగా పట్టుకుంటారేమో, ఈ పనికి మాత్రం సరిపోరు.

3. ఎనిమిది పది పేర్ల జాబితా

సైకాలజీ టుడే డైరెక్టరీ పెద్దది. మీ జిప్ కోడ్ కొట్టి, సమస్యల్లో జాతి గుర్తింపు, ఇన్సూరెన్సు, భాష అన్న ఫిల్టర్లు పెట్టండి. తెలుగు పెడితే చాలా ఊళ్లలో ఎవరూ మిగలరు. అప్పుడు జిప్ కోడ్ తీసేసి రాష్ట్రమంతా వెతకండి, వీడియోలో చూసేవాళ్లు ఎక్కడున్నా ఒకటే కదా. తర్వాత సౌత్ ఏషియన్ థెరపిస్ట్స్, ఏషియన్ మెంటల్ హెల్త్ కలెక్టివ్, ఇన్‌క్లూజివ్ థెరపిస్ట్స్ అనే డైరెక్టరీలు చూడండి. న్యూజెర్సీ చుట్టుపక్కలైతే సంహిన్ అనే సౌత్ ఏషియన్ మానసిక ఆరోగ్య సంస్థ జాబితా ఉంది. లైంగికత విషయం కూడా కలిసి ఉంటే నేషనల్ క్వీర్ అండ్ ట్రాన్స్ థెరపిస్ట్స్ ఆఫ్ కలర్ నెట్‌వర్క్ చూడవచ్చు.

ప్రొఫైలు చదివేటప్పుడు టిక్కులు వదిలేసి, వాళ్లు సొంతంగా రాసుకున్న పేరాలు చదవండి. రెండు సంస్కృతుల మధ్య పెరగడం, వలస కుటుంబాలు, జాతి వివక్ష వల్ల కలిగే ట్రామా, ఇంట్లో రంగు పట్టింపు లాంటివి పేరుపెట్టి రాశారా? "అన్ని నేపథ్యాలవారికీ స్వాగతం" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారా? అలా సరిపెట్టినవాళ్లను జాబితా అడుగుకు నెట్టండి.

ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే జాబితాను నమ్ముకుని కూర్చోకండి. 2023లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది మెడికేర్ అడ్వాంటేజ్ (ముఖ్యంగా వృద్ధులకుండే ఆరోగ్య బీమా) ప్లాన్ల జాబితాల్లోని 120 మంది మానసిక వైద్య సేవకులకు ఫోన్లు చేస్తే, అపాయింట్‌మెంట్ దొరికింది 18 శాతం ప్రయత్నాల్లోనే. ఉద్యోగుల ప్లాన్లు వేరే అయినా పనిచేయని నంబర్లు, ఏడాది కిందటే కొత్తవాళ్లను తీసుకోవడం మానేసిన పేర్లు అక్కడా మామూలే. పేరు ముందు డైరెక్టరీలో పట్టుకుని, ఆ తర్వాత ప్లాన్‌లో ఉన్నారో లేదో చూసుకోవడం తక్కువ శ్రమ.

4. డబ్బు లెక్క ముందే తేల్చుకోండి

పెద్ద నగరాల్లో ఇన్సూరెన్సు లేకుండా సెషన్‌కు 150 నుంచి 250 డాలర్లు అడగడం మామూలు. ఈ విషయం బాగా తెలిసినవాళ్లలో చాలామంది ఇన్సూరెన్సు తీసుకోరు. అక్కడ ఆగిపోకుండా మీ ప్లాన్‌లో ఔటాఫ్ నెట్‌వర్క్ సదుపాయం, అంటే కంపెనీతో ఒప్పందం లేనివాళ్లను చూసినా కొంత డబ్బు వెనక్కిచ్చే వీలు, ఉందేమో చూడండి. కార్డు వెనక నంబరుకు ఫోన్ చేసి ఇవి అడగండి: ఔటాఫ్ నెట్‌వర్క్ డిడక్టబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలయ్యేముందు మీరే భరించాల్సిన మొత్తం) ఎంత, అది దాటాక ఎంత శాతం ఇస్తారు, 90791, 90834, 90837 కోడ్లకు "అలవ్డ్ అమౌంట్" (సెషన్ ఖరీదుగా కంపెనీ ఒప్పుకునే మొత్తం) ఎంత, క్లెయిముకు గడువెంత. మొదటి కోడ్ తొలి సెషన్‌ది, రెండోది 45 నిమిషాలది, మూడోది గంటది.

అలవ్డ్ అమౌంట్ దగ్గరే లెక్క తప్పుతుంది. ఉదాహరణకు థెరపిస్టు ఫీజు 200 డాలర్లు, కంపెనీ లెక్కలో అలవ్డ్ అమౌంట్ 140, డిడక్టబుల్ 1500, ఆపైన 60 శాతం ఇస్తారనుకోండి. ప్రతి సెషన్‌కు డిడక్టబుల్‌లో జమయ్యేది 140 మాత్రమే, 200 కాదు. పదకొండో సెషన్‌కు గానీ అది నిండదు. ఆ తర్వాత చేతికొచ్చేది 140లో 60 శాతం, అంటే 84. మీ జేబులోంచి పోయేది సెషన్‌కు 116. "60 శాతం వెనక్కి వస్తుంది కదా, 80 డాలర్లే" అనుకుని మొదలుపెట్టినవాళ్లు మూడో నెలలో మానేస్తారు. క్లెయిము కోసం థెరపిస్టు ఇచ్చే వివరమైన బిల్లు (సూపర్‌బిల్) మీద లైసెన్సు, ఎన్.పి.ఐ. నంబరు, ట్యాక్స్ ఐ.డి., తేదీ, సెషన్ కోడ్, రోగనిర్ధారణ కోడ్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటి తగ్గినా క్లెయిము తిరిగొస్తుంది.

నెట్‌వర్క్‌లో తగినవాళ్లు నిజంగా ఎవరూ లేకపోతే "నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్" అడగండి. బయటి థెరపిస్టునే నెట్‌వర్క్ రేటుకు చూడనివ్వమనే అభ్యర్థన అది. ఏ రోజు ఎవరికి ఫోన్ చేశారు, ఏం జవాబిచ్చారు అన్న పట్టిక చూపిస్తే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. నోటిమాటగా అడిగితే జాబితాలో మరో ఐదు పేర్లు చెప్పి పంపేస్తారు.

తక్కువ ఖర్చు దారులూ ఉన్నాయి. యూనివర్సిటీ కౌన్సిలింగ్ సెంటర్ విద్యార్థులకు సాధారణంగా ఉచితం, సెషన్ల సంఖ్యకు మాత్రం పరిమితి ఉంటుంది. సైకాలజీ డిపార్ట్‌మెంటు ఉన్న యూనివర్సిటీలు నడిపే ట్రైనింగ్ క్లినిక్కులు బయటివాళ్లనూ ఆదాయాన్నిబట్టి ఫీజుతో చూస్తాయి. ఓపెన్ పాత్ కలెక్టివ్‌లో ఒకసారి 65 డాలర్ల సభ్యత్వం కడితే సెషన్లు 40 నుంచి 70 డాలర్ల మధ్య దొరుకుతాయి. మీరు పనిచేసే కంపెనీలో ఇ.ఎ.పి. (ఉద్యోగుల సహాయ కార్యక్రమం) ఉంటే కొన్ని సెషన్లు ఉచితం. అయితే ఇ.ఎ.పి. ఎవరిని కేటాయిస్తే వాళ్లే దిక్కు కాదు, జాతి వివక్ష విషయం తెలిసినవాళ్లు కావాలని మొదటి ఫోన్‌లోనే చెప్పండి. మీరు సొంతంగా వెళ్తే మీ పేరు మేనేజరుకు చేరదు.

ఇన్సూరెన్సు వాడితే రోగనిర్ధారణ కోడ్ తప్పదు. వివక్షకు గురికావడానికి జెడ్ 60.5 అని, కొత్త సంస్కృతిలో ఇమడలేకపోవడానికి జెడ్ 60.3 అని కోడ్లు ఉన్నాయి, కానీ వాటి మీదనే కంపెనీలు డబ్బివ్వడం అరుదు. అందుకని అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, యాంగ్జయిటీ లాంటిది రాస్తారు. "నా రికార్డులో ఏం రాస్తున్నారు, ఎందుకు?" అని అడిగే హక్కు మీకుంది.

థెరపీకి వెళ్తే వీసా పోతుందన్న భయం మనవాళ్లలో గట్టిగా ఉంది. సెషన్లకు వెళ్తున్న సంగతి ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలియజేసే ఏర్పాటేదీ లేదు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో చూసేది మానసిక సమస్యతోపాటు తనకో ఇతరులకో హాని కలిగించే ప్రవర్తన ఉందా అన్నది. వివక్ష వల్ల దిగులు, ఆందోళన ఉన్నాయని కౌన్సిలింగ్ తీసుకోవడం ఆ లెక్కలోకి రాదు.

5. ఉత్తరం, పదిహేను నిమిషాల ఫోన్

జాబితాలో ఉన్న అందరికీ ఒకేసారి రాయండి. ఒకరి జవాబు కోసం ఎదురుచూసి తర్వాత రెండోవాళ్లకు రాస్తే నెలలు గడిచిపోతాయి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఈ ధోరణిలో ఇంగ్లిషులో రాసుకుంటే చాలు: "నా వయసు 27, డాలస్‌లో ఉంటాను. ఆఫీసులో నా యాస మీద, పేరు మీద వచ్చే మాటలవల్ల ఆరు నెలలుగా నిద్ర సరిగ్గా లేదు, మీటింగుల్లో నోరు తెరవలేకపోతున్నాను. జాతి, వలస విషయాల మీద పనిచేసే థెరపిస్టు కోసం చూస్తున్నాను. నా ఇన్సూరెన్సు ఫలానాది. సాయంత్రం ఆరు తర్వాత కుదురుతుంది. మీకు ఖాళీ ఉందా? ముందు పదిహేను నిమిషాలు మాట్లాడగలమా?" ఖాళీ లేదని జవాబిచ్చినవాళ్లను "ఈ విషయంలో మీరు నమ్మే మరో ఇద్దరి పేర్లు చెప్పగలరా?" అని తప్పక అడగండి. డైరెక్టరీల్లో కనబడని మంచి పేర్లు ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి.

ఫోన్‌లో పరీక్ష పెట్టేది మీరు. మొహమాటం వద్దు. ముందుగా, గత ఏడాదిలో జాతి గుర్తింపు సమస్యతో వచ్చినవాళ్లతో పనిచేశారా, అందులో సౌత్ ఏషియన్లు ఉన్నారా అని అడగండి. పేర్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ ఎలాంటి సమస్యలు, ఏ వయసువాళ్లు, ఏ పద్ధతిలో పనిచేశారు అన్నది తడుముకోకుండా చెప్పగలగాలి.

తర్వాత, ఈ విషయంలో ఏం శిక్షణ పొందారో అడగండి. "మల్టీకల్చరల్ కౌన్సిలింగ్ కోర్సు చేశాను" అన్నది జవాబు కాదు, గుర్తింపు పొందిన డిగ్రీల్లో అది అందరికీ ఉండేదే. జాతి గుర్తింపు దశలవారీగా ఎలా ఏర్పడుతుందో చెప్పే సిద్ధాంతాలు ఉన్నాయి. నల్లజాతివారి గురించి విలియం క్రాస్ 1971లో, ఆసియన్ అమెరికన్ల గురించి జీన్ కిమ్ 1981లో ప్రతిపాదించినవి అందులో పేరున్నవి. పేర్లు అప్పజెప్పనక్కర్లేదు. కానీ తెల్లవాళ్లలా ఉండాలని తాపత్రయపడే దశ నుంచి, కోపం దాటి, తన గుర్తింపుతో కుదురుకునే వరకు మనిషి ఎలా కదులుతాడో వాళ్ల మాటల్లో రావాలి. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే పుస్తకం డి.ఎస్.ఎం.-5లో సంస్కృతి గురించి అడగడానికి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉంది. అది వాడతారా అని అడిగినా వాళ్ల లోతు తెలుస్తుంది.

మూడో ప్రశ్న అన్నిటికంటే పనికొచ్చేది. "నాకు జరిగింది వివక్షా, లేక నేనే అలా అనుకుంటున్నానా అన్నది నాకే తెలియడం లేదు. మీరైతే ఎలా మొదలుపెడతారు?" వెంటనే "వాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు" అంటే, మీరు ప్రతి సెషన్‌లోనూ సాక్ష్యాలు చూపించుకోవాల్సి వస్తుంది. వెంటనే "అది కచ్చితంగా జాత్యహంకారమే" అన్నా జాగ్రత్త. వినకుండానే తీర్పు చెప్పేశారు, రేపు మీ ఇంట్లోవాళ్ల మీద కూడా అలాగే చెబుతారు. జరిగింది వివరంగా అడిగి, తేలకపోయినా ఆ సందేహమే మనిషిని ఎలా అలసగొడుతుందో గుర్తించే జవాబు కావాలి.

నాలుగోది అమ్మానాన్నల గురించి. ఇండియాకు నెలనెలా డబ్బు పంపడం, పెళ్లి విషయంలో పెద్దల మాటకు విలువివ్వడం, పెళ్లయ్యాక కూడా తల్లిదండ్రులతో కలిసి ఉండటం మీద వాళ్ల అభిప్రాయం ఏమిటో అడగండి. ప్రతిదానికీ "మీరు హద్దులు గీసుకోవాలి" అనేవాళ్ల దగ్గర తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువకాలం నిలవరు. హద్దులు అక్కర్లేదని కాదు. మీకు బరువుగా ఉన్నదేది, మీరు ఇష్టంగా మోస్తున్నదేది అని ముందు అడగాలి.

చివరిగా, "మన మధ్య జాతి తేడావల్ల మీరు నన్ను నొప్పించే మాట అంటే నేనేం చేయాలి?" ఆ మాటకు ఇబ్బందిపడి "నాకు రంగు కనపడదు, అందరూ మనుషులే" అంటే మర్యాదగా ఫోన్ పెట్టేయండి. అలాంటిది జరిగినప్పుడు ఎలా సరిదిద్దుకున్నారో ఒక ఉదాహరణతో చెప్పినవాళ్లు తెల్లవాళ్లైనా సరే పైన ఉంచండి.

ఫోన్ పెట్టగానే రెండు వాక్యాలు రాసుకోండి. నలుగురితో మాట్లాడాక ఎవరు ఏమన్నారో కలిసిపోతుంది.

6. తెలుగు థెరపిస్టే కావాలా?

భాష కలవడం వేరు, ఈ పని తెలియడం వేరు. తెలుగు తెలిసిన థెరపిస్టు దగ్గర "పరువు", "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాటలను వివరించనక్కర్లేదు. అమ్మానాన్నలను సెషన్‌కు పిలవాలంటే అదెంతో సాయం, పిల్లల్నే దుబాసీలుగా కూర్చోబెట్టే దుస్థితి తప్పుతుంది. (ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అక్కడ పిల్లల చేత అనువాదం చేయించకండి.)

అయితే మన చుట్టం లాంటి మనిషి దొరికారని సంబరపడేముందు కొన్ని చూసుకోవాలి. నలుగురు తెలుగువాళ్లు చేరితే ఇంటి పేరు, ఊరు అడగడంలో ఆరా ఏమిటో అందరికీ తెలుసు. దళిత కుటుంబం నుంచి వచ్చినవాళ్లకు ఆఫీసులో రంగు, దేశీ గుంపులో కులం, రెండూ ఒకేసారి తగులుతుంటాయి. కుల వివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టం చేసేదాకా అమెరికాలో ఏ నగరంలోనూ దీని మీద ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి "కులం గురించి మాట్లాడాల్సి వస్తే మీరు ఎలా తీసుకుంటారు? మీరు ఆ విషయం మీద ఏం చదివారు?" అని సూటిగా అడగండి. "ఇప్పుడెక్కడుందండీ కులం" అన్న జవాబు వస్తే అది "నాకు రంగు కనపడదు" అన్నదానికి చెల్లెలు.

రెండో చిక్కు, ఊరు చిన్నది. తానా సభల్లో, గుడిలో, పిల్లల కూచిపూడి క్లాసులో ఎదురుపడతారు. థెరపిస్టు గోప్యత తప్పితే లైసెన్సుకే ముప్పు, కాబట్టి మీ సంగతులు బయటికి చెబుతారని భయపడనక్కర్లేదు. కానీ "బయట కనిపిస్తే ఎలా?" అన్నది మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి. మీరు పలకరిస్తే తప్ప తాము పలకరించబోమని చెప్పేవాళ్లే ఎక్కువ. ఇద్దరికీ బంధువులో దగ్గరి స్నేహితులో ఉమ్మడిగా ఉంటే వాళ్లే వద్దంటారు, అనాలి కూడా. ఆ ఇబ్బంది వద్దనుకుంటే అదే రాష్ట్రంలో వేరే ఊళ్లో ఉన్నవాళ్లను వీడియోలో చూడవచ్చు. లేదా తమిళ, బంగ్లాదేశీ, నల్లజాతి థెరపిస్టును ఎంచుకోవచ్చు. జాతి విషయంలో చాలాకాలంగా పనిచేస్తున్న నల్లజాతి థెరపిస్టు దగ్గర మనవాళ్లకు బాగా కుదిరే సందర్భాలు తక్కువేం కాదు.

7. పిల్లల విషయంలో గోప్యత

పిల్లల్ని సెషన్‌లోకి పంపి బయటికి రాగానే "ఏం చెప్పావ్?" అని అడిగితే రెండో వారానికి పిల్ల నోరు మూసుకుంటుంది. మొదటి సెషన్‌కు ముందే థెరపిస్టుతో మాట్లాడి, మీకు ఏవి చెబుతారు, ఏవి చెప్పరు అన్నది ముగ్గురూ కలిసి నిర్ణయించుకోండి. ప్రాణాపాయం ఉంటే చెబుతారు. ఇంట్లో పిల్లల్ని హాని కలిగేలా కొడుతున్నారని అనుమానం వస్తే రాష్ట్రానికి తెలియజేయడం థెరపిస్టుకు చట్టప్రకారం విధి. "క్రమశిక్షణ కోసం రెండు దెబ్బలు" అన్న మాట అక్కడ మామూలుగా పోదని తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

పిల్లలే తమంతట తాము కౌన్సిలింగ్‌కు ఒప్పుకోగల వయసు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 12, వాషింగ్టన్ రాష్ట్రంలో 13. ఇరవై దాటిన పిల్లలది మరో చిక్కు. 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్సులో ఉండవచ్చు, కానీ ఏ సేవ తీసుకున్నారో చెప్పే ఇ.ఒ.బి. కాగితం పాలసీదారు ఇంటికి వెళ్తుంది. నాన్నకు తెలియకూడదనుకుంటే కంపెనీకి ఫోన్ చేసి "కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్" కోరుతూ వేరే చిరునామా ఇవ్వండి. మొదటి క్లెయిము వెళ్లకముందే చేయాలి. కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి ఇలాంటి సేవల కాగితాలు పాలసీదారుకు కాకుండా సేవ తీసుకున్నవాళ్లకే పంపాలని చట్టం ఉంది.

8. మొదటి నెల, అవసరమైతే మార్పు

మొదటి సెషన్ చాలామందికి నిరాశే. ఫారాలు, కుటుంబ చరిత్ర, మందుల వివరాలతోనే గంట గడిచిపోతుంది. దాన్నిబట్టి తీర్పు చెప్పకుండా నాలుగు సెషన్లు చూడండి. ఆపాటికి రెండు విషయాలు తెలియాలి: మీరిద్దరూ కలిసి పెట్టుకున్న లక్ష్యం ఏమిటి, జాతి గురించి మీరు ఎత్తకపోయినా థెరపిస్టు అడుగుతున్నారా. "మీటింగులో నా పేరు తప్పు పలికితే సరిదిద్దగలగాలి" లాంటి లక్ష్యం ఉంటే పని నడుస్తోందో లేదో తెలుస్తుంది. "నా గుర్తింపుతో ప్రశాంతంగా ఉండాలి" అన్నది కొలవడానికి దొరకదు.

సెషన్లో సగం సమయం మీరు ఓణీల వేడుక అంటే ఏమిటో, హెచ్-4 అంటే ఏమిటో వివరించడానికే పోతుంటే ఒకసారి చెప్పండి: "ఇవి మీరు సెషన్ బయట చదువుకుని రాగలరా?" మంచివాళ్లు చదువుకుని వస్తారు. మూడోసారి కూడా అదే పరిస్థితైతే మారండి. నొప్పించే మాట అన్నప్పుడు కూడా ఒకసారి చెప్పి చూడాలి. సంజాయిషీలతో సెషనంతా తమ బాధ గురించే మాట్లాడితే, మీరే వాళ్లను ఓదార్చాల్సిన స్థితికి తెస్తే, అక్కడ ఉండనక్కర్లేదు.

మనవాళ్లు మానేసేటప్పుడు చెప్పకుండా వెళ్లడం మానేస్తారు, మొహమాటం. అలా చేస్తే కొత్తచోట మళ్లీ మొదటినుంచి అంతా చెప్పుకోవాలి, రద్దు చేయని అపాయింట్‌మెంటుకు ఫీజు కూడా పడుతుంది. చివరి సెషన్ ఒకటి పెట్టుకుని, ఇప్పటిదాకా చేసిన పని మీద ఒక పేజీ సారాంశం అడగండి. దాన్ని కొత్త థెరపిస్టుకు పంపాలంటే రిలీజ్ ఫారం మీద సంతకం చేయాలి. ఆ ఫారంలో "మొత్తం రికార్డు" అన్న గడి కాకుండా "చికిత్స సారాంశం" అన్నదే ఎంచుకోండి, గడువు తేదీ కూడా వేయండి.